పుట్టి దాటించిన పలుకు



డాక్టర్ పాకాల యశోదారెడ్డిగారిని స్మరించుకొనుటకై కూడిన యీ సభలో నేను గ్రాంథికచ్ఛాయ గల భాషలో ప్రసంగింపబూనుట మీలో కొందరికి విడ్డూరముగ దోపవచ్చును. పాలమూరు పల్లెలలో అవ్వలు వాకిట గూర్చుండి చెప్పుకొను ముచ్చటను, దాని నొక్కులతో, దాని విరుపులతో, దాని దీర్ఘములతో సహా ఆకాశవాణి మైకు ముందు నిలిపి, ఇదియును తెలుగేయని లోకమునకు వినిపించిన యామెను గూర్చి పుస్తకపు మాటలతో మాటాడుట, జీవితమంతయు పుట్టిలో జనులను నది దాటించిన మనిషిని పల్లకిలో నూరేగించుట వంటిదని మీరనవచ్చును. ఆ యాక్షేపణ నాకు సమ్మతమే. అయినను నాకొక సాకు కలదు. ఆమె హరివంశములను శోధించిన పండితురాలు. ఈ భాష యామెకు పరాయిది గాదు. పైగా, ఈ రెండు పలుకులకును నడుమ ఆమె యెట్లు రాకపోకలు సాగించినదన్నదే నేటి నా ప్రసంగవిషయము గనుక, ఒక గట్టున నిలిచి రెండవ గట్టును చూచుట నాకు తప్పనిసరి.

గట్టు మాట యూరక రాలేదు. ఈ సభకు వచ్చుచు దారిలో కృష్ణయొడ్డున బోర్లించియున్న పుట్టినొకదానిని చూచి కొంతసేపు నిలిచితిని. పుట్టి నెరుగనివా రీ సభలో నుండరు. కాని యెరిగినదానినే మరల నింపాదిగ జూచుట ఉపన్యాసకునికి చెల్లును. వెదురుబద్దలను గంపవలె నల్లి, వెనుకటి కాలమున దానికి తోలు కప్పెడివారు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టాలు కప్పి తారు పూయుచున్నారు. దానికి ముందు లేదు, వెనుక లేదు. చుక్కాని లేదు, తెరచాప లేదు. ఉన్నది ఒక్క తెడ్డు. తెలియనివాడు ఆ తెడ్డును చేతబట్టి నీటిని త్రోసినచో పుట్టి ఉన్నచోటనే గిరగిర తిరుగునే కాని అంగుళమైనను ముందుకు సాగదు. తెలిసినవాడు తనకెదుటనున్న నీటిని ఇటొకమారు అటొకమారు తనవైపునకు లాగుకొనుచు, ఆ తిరుగుడునే నడకగా మార్చుకొనును. మరియొక సంగతి కలదు. పుట్టి యెదురీదజాలదు. ఆవలి గట్టున నొక రేవును చేరదలచినవాడు ఈవలి గట్టున పుట్టిని మోసికొనియో లాగుకొనియో చాలదూర మెగువకు నడిచి, అచ్చట దానిని నీట విడిచి, ప్రవాహముతో పాటు దిగువకు జారుచునే అడ్డముగ దాటవలయును. చూచువారికి కనబడునది ఆ జారుడు మాత్రమే. ఎగువకు నడిచిన నడక యెవరి కంటబడదు. ఈ మాటను మీరు జ్ఞాపకముంచుకొనుడు. దీనికై నేను మరల వత్తును.

ఈ గంపపడవ మన యొక్కరి సొత్తు గాదు. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన డొమింగో పేస్ అను పోర్చుగీసు యాత్రికుడు తుంగభద్రపై జనులు తోలు కప్పిన గుండ్రని బుట్టలలో నది దాటుటను చూచి, ఒక్కొక్కదానిలో పదునైదుగురు ఇరువదిమంది పట్టుదురనియు, అవసరమైనచో గుఱ్ఱములను, ఎద్దులను గూడ దాటింతురనియు, అవి యెల్లప్పుడును తిరుగుచునే పోవుననియు వ్రాసిపెట్టెను. అంతకు రెండువేల యేండ్ల నాడే గ్రీకుచరిత్రకారుడైన హెరొడోటస్ బాబిలోను నగరమునకు ఎగువ దేశమునుండి వచ్చు తోలుపడవలను వర్ణించుచు, వర్తకుడు తన పడవలో నొక గాడిదను గూడ ఎక్కించుకొని వచ్చుననియు, సరుకమ్మిన పిదప వెదురుబద్దలవంటి ఆ చట్రమును సైతమచ్చటనే యమ్మి, తోలును గాడిదమీద వేసికొని కాలినడకన ఇల్లు చేరుననియు చెప్పెను. ప్రవాహమునకెదురు పోలేని పడవ కలవాడు తిరుగుదారిని నేలమీద నడిచి సంపాదించుకొనవలసినదే. యూఫ్రటీసు నదియందైనను, కృష్ణయందైనను ఈ ధర్మ మొక్కటే.

నా చిన్ననాట మా నాయనమ్మ వ్రేలు పట్టుకొని పుట్టి యెక్కినప్పుడు నన్నాశ్చర్యపరచినది నీరు గాదు, పుట్టి నడుపువాని నోరు. ఆ గట్టు కర్నూలు సీమ, ఈ గట్టు పాలమూరు. మా నాయనమ్మ కాలమున ఆ గట్టున ఇంగ్లీషువారి కల్దారు రూపాయి చెల్లెడిది, ఈ గట్టున నిజామువారి హాలీ సిక్కా చెల్లెడిది. ఆ గట్టు బడిలో తెలుగుతో పాటు ఇంగ్లీషు, ఈ గట్టు బడిలో ఉర్దూ. నడుమ నీరొక్కటే. పుట్టివాడు ఆ గట్టువారితో ఆ గట్టు యాసను, ఈ గట్టువారితో ఈ గట్టు యాసను పలుకుచు, అచ్చటి జొన్నల ధర ఇచ్చటను, ఇచ్చటి పెండ్లికబురు అచ్చటను చేరవేయుచు, నది నడుమకు వచ్చునప్పటికి రెండును గాని యొక స్వరముతో కూనిరాగము తీసెడివాడు. మా యింట రేడియోపెట్టె యింకను రాని దినములవి. దూరపు గట్టు వార్తను గొంతుతో తెచ్చి చెవిలో బోయు విద్యను నేను మొట్టమొదట నతనియందే చూచితిని.

రేడియో మన దేశభాగమునకు వచ్చిన కథను సంగ్రహముగ జెప్పెదను. హైదరాబాదు నగరమున 1930ల తొలి సంవత్సరములలో ఒక ప్రైవేటు ప్రయత్నముగా మొదలైన రేడియోకేంద్రమును 1935 ఫిబ్రవరి 3న నిజాము ప్రభుత్వము స్వాధీనపరచుకొనెను. దక్కన్ రేడియో యని పేరుగన్న ఆ కేంద్రమున ఉర్దూకు పెద్దపీట. తెలుగుకు, మరాఠీకి, కన్నడమునకు చాపలు. మదరాసు కేంద్రమునుండి తెలుగు ప్రసారములు 1938 జూన్ 16న ఆరంభమయ్యెను; బెజవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న వెలసెను; దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో విలీనమయ్యెను. ఈ మూడు తేదీలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో నొక విషయము బోధపడును. తెలంగాణపు పల్లెవాడు రేడియోలో స్వభాషను ధారాళముగ వినసాగిన నాటికే రేడియోతెలుగునకు ఒక రూపమేర్పడియుండెను; ఆ రూపము సముద్రతీరపు జిల్లాలలో, మదరాసు స్టూడియోలలో దిద్దుకొన్నది. అది యందమైన భాష కాదని నేననను. కాని రేడియోపెట్టెను ఆసక్తితో చుట్టుముట్టిన మా వాడకట్టు అవ్వలు అందులోని మాటలను, పెండ్లికి వచ్చిన దూరపు బంధువును చూచినట్లు, గౌరవముతోను, కొంత బెదురుతోను వినెడివారు. ఆ పెట్టెలోనుండి తమవంటి గొంతు వచ్చునని వారు కలలోనైనను అనుకొనలేదు.

యశోదారెడ్డిగారు 1929 ఆగస్టు 8న పాలమూరు జిల్లా బిజినేపల్లిలో జన్మించిరి. నేడా యూరు నాగర్‌కర్నూలు జిల్లాలో నున్నది. ఆమె పుట్టిన నాటి పాలమూరు ఎట్టిదో తలచుకొనుడు. కృష్ణానది ఈ జిల్లా పాదములను కడుగుచు పారును. తుంగభద్ర యీ జిల్లా యంచున వచ్చి దానిలో గలియును. ఇచ్చట పుట్టిన దిండి వాగు నల్లగొండ సీమను తడిపి కృష్ణను చేరును. అయినను ఈ మెట్టభూమి దాహము తీరలేదు. దేశమున నెచ్చట నానకట్ట లేచినను అచ్చట మన్ను మోసినది పాలమూరు కూలియే యన్న మాట ఊరక పుట్టలేదు. నీరు ప్రక్కనుండియు దప్పిగొన్న ఈ నేలకే, నోట భాషయుండియు బడిలో దాని కెడము లేని దుఃఖము గూడ తోడయ్యెను. కచ్చేరీలో ఉర్దూ, కాలేజీలో ఉర్దూ. తెలుగు ఇంటి వాకిటికి, పండుగపాటకు, కళ్ళమునకు పరిమితము.

ఆ దినములలో తెలుగును నిలుపబూనినవారిలో పాలమూరు, నల్లగొండ జిల్లాలవారు ముందున్నారన్నది మనము గర్వింపదగిన విషయము. 1922లో నల్లగొండనుండి షబ్నవీసు వెంకట రామనరసింహారావుగారు నీలగిరి పత్రికను నడిపిరి. ఆలంపురము సీమవారైన సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించి, తెలంగాణమున కవులు పూజ్యమన్న యొక నిందకు జవాబుగా మూడువందల యేబదినలుగురు కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. వనపర్తి ప్రాంతమున పుట్టిన రాజా బహదూర్ వేంకటరామారెడ్డిగారి చలువవలన 1918లో రెడ్డి వసతిగృహము నెలకొన్నది. ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పవలెనన్న సంకల్పముతో మాడపాటి హనుమంతరావుగారు 1928లో నారాయణగూడలో పాఠశాలను తెరచిరి. బిజినేపల్లి బాలిక యొకతె నగరమునకు పోయి తెలుగు చదువుకొనగలుగుటకు వెనుక ఇట్టివారందరి శ్రమయు కలదు. ఆ నారాయణగూడ బడిలోనే యామె చదువుకొనెను.

పిదప ఆమె జీవితము తెలిసినదే. 1947లో సుప్రసిద్ధ చిత్రకారులు, కరీంనగరు జిల్లా అన్నవరమువారైన పాకాల తిరుమలరెడ్డిగారిని, అనగా దేశమంతయు పి.టి. రెడ్డిగా నెరిగిన కళాకారుని, వివాహమాడెను. నారాయణగూడలోని వారి నివాసము, సుధర్మ యను పేరున, రంగులకును మాటలకును కూడలియయ్యెను. కోఠీ మహిళా కళాశాలలో ఆమె 1955 మొదలు మూడు దశాబ్దములకు పైగా తెలుగు బోధించెను. ఆ కళాశాల యొకప్పటి బ్రిటిషు రెసిడెన్సీ భవనము. నిజాము దర్బారుతో మంతనములాడుటకై కిర్క్‌పాట్రిక్ దొర కట్టించిన స్తంభముల నడుమ ఒక పాలమూరు ఆడుబిడ్డ పోతనను, తిక్కనను పాఠము చెప్పుట కాలము చేసిన చమత్కారములలో నొకటి. ఎఱ్ఱాప్రగడ హరివంశమును, నాచన సోమన ఉత్తర హరివంశమును తులనముచేసి తెలుగులో హరివంశములను గూర్చి యామె చేసిన పరిశోధనమునకు డాక్టరు పట్టము వచ్చెను. ఆపై అలీగఢ్ విశ్వవిద్యాలయము డి.లిట్. పట్టమొసగెను. 1990 మొదలు 1993 వరకు ఆంధ్రప్రదేశ్ అధికారభాషా సంఘమునకు అధ్యక్షత వహించెను. 2007 అక్టోబరు 7న పరమపదించెను. పట్టములు, పదవులు ఇంతటితో చాలించెదను. వానివలన కలుగు గౌరవము ఇట్టి సభలలో పలువురికి లభించునదే.

ఆమెకు మాత్రమే లభించినది వేరొకటి కలదు. హైదరాబాదు ఆకాశవాణి కేంద్రమునుండి మహాలక్ష్మి ముచ్చట్లు అను పేరున ఆమె తెలంగాణపు పల్లెపలుకుతో కార్యక్రమమును నడిపెను. ఆ ముచ్చట్లను వ్రాసినది యామెయే, గొంతునిచ్చినదియు నామెయే. ప్రొద్దున కాలేజీలో హరివంశ పద్యమునకు ప్రతిపదార్థము చెప్పిన గొంతే సాయంకాలము స్టూడియోలో కూర్చుండి వాడకట్టు ఆడువారి కష్టసుఖములను వారి మాటలలోనే యొలుకబోసెడిది. ఆ గొంతును వినినవారు ఈ సభలో నిప్పటికిని కొందరున్నారు. వారు నాతో చెప్పినది విచిత్రముగ నొక్కటే మాట: రేడియో వింటున్నట్లు తమకు దోచలేదట, ప్రక్కింటి యామె గోడమీదుగా పలుకరించినట్లుండెనట.

ఇది చెప్పినంత సులువు గాదు. రంగస్థలమున వేషమున్నది, నేత్రమున్నది, చేయి యున్నది. కాగితముపై చదువరి తన యిష్టమైనంతసేపు ఒక వాక్యముకడ నాగవచ్చును. రేడియోయందు ఈ రెండు ఊతలును లేవు. మాట నోట వెడలిన క్షణముననే వినువాని చెవిని చేరవలయును, అందకపోయినచో శాశ్వతముగ జారిపోవును. మైకునకు మరీ దగ్గరగ మాటాడినచో ప, బ వంటి యక్షరములు తుపాకిగుండ్లవలె ప్రేలును. దూరమైనచో గొంతునందలి తడి యారిపోవును. ముందు పెట్టుకొన్న వ్రాతకాగితమును చదువుచున్నట్లు వినబడరాదు. కాగితము తిప్పిన చప్పుడైనను వినబడరాదు. సభలోని వక్త వేలమందితో మాటాడును. రేడియోలో మాటాడునది వేలమందికే యైనను, ఒక్కొక్క యింట నొక్కరిద్దరే విందురు గనుక, ఒక్కరితో మాటాడినట్లే మాటాడవలయును. అవ్వ మనుమరాలికి చెప్పు ముచ్చటలో ఈ లక్షణములన్నియు సహజముగ నున్నవి. రేడియో యను క్రొత్త యంత్రము కోరినది మన పాత వాకిటి విద్యనే యని యశోదారెడ్డిగారు గుర్తించిరి.

కాని వాకిటి విద్యకు గౌరవమేది? ఆ కాలపు నాటకములలో, చలనచిత్రములలో తెలంగాణపు యాస వినబడినచో అది నవ్వించువాని నోటనో, రౌడీ నోటనో వినబడెడిది. నాయకుడు ఆ భాషలో ప్రేమింపడు. తల్లి యా భాషలో నేడువదు. ఈ యవమానము మన యొక్కరిదే గాదు. ఇంగ్లండులో బి.బి.సి. వార్తలు చదువుటకు ఏండ్ల తరబడి దక్షిణదేశపు పెద్దింటి ఉచ్చారణమునకే యర్హత యుండెను. రెండవ ప్రపంచయుద్ధము నడుమ, 1941లో, యార్కుషైరు నేలకు చెందిన విల్‌ఫ్రెడ్ పికిల్స్ అనునతడు తన సీమయాసతో దేశవార్తలు చదివినప్పుడు గొప్ప దుమారము రేగెను. ఆ గొంతులో వచ్చిన వార్తను నమ్మజాలమని శ్రోతలు కొందరనిరట. చిత్రమేమనగా అతనిది వారి దేశపు యాసయే, వార్తయు వారి దేశపుదే. ఒక గొంతు సత్యము చెప్పగలదా లేదా యన్నది యాసవలన నిర్ణయింపబడుట ఎంత దారుణమో ఆలోచింపుడు. మహాలక్ష్మి ముచ్చట్లు చేసిన మేలు ఈ దృష్టితో చూచినప్పుడే తెలియును. అందు యాస నవ్వులకొరకు రాలేదు. నవ్వున్నది, ఎత్తిపొడుపున్నది, కాని వానితోపాటు వివేకమున్నది, శోకమున్నది, తీర్పు చెప్పు గాంభీర్యమున్నది. ఒక మనిషి జీవితమున కెన్ని రసములు గలవో అన్నియు ఆ పలుకునకును గలవని యామె నిరూపించెను.

ఇక నేను మొదట చెప్పిన పుట్టికడకు మరల వచ్చుచున్నాను. మాండలికమున చెప్పుటకు చదువక్కరలేదనియు, పల్లెలో పుట్టినవారెల్లరు అట్లు చెప్పగలరనియు తలచువారున్నారు. ఇది పుట్టి దానంతటదియే జారిపోవుచున్నదని యొడ్డుననుండి చూచువాడు తలచుటవంటిది. తెడ్డును చేతికిచ్చినగాని తెలియదు. పల్లెలో పుట్టి పట్నమున చదువుకొన్న వేలమంది తమ పలుకును దాచుకొనిరి. దాచుకొనక వాడినవారిలోను పలువురు దానిని ఉన్నచోటనే గిరగిర త్రిప్పిరి. యశోదారెడ్డిగారికి అది నడకగా మారుటకు కారణమేమి? ఆమె ముందుగా ఎగువకు నడిచినది. ఎఱ్ఱన వరకు, సోమన వరకు, తిక్కన వరకు, భాషాప్రవాహమునకు పైదిక్కుగా నేండ్ల తరబడి నడిచి, అచ్చట పుట్టిని నీటిలో విడిచినది. అందువలననే ఆమె పల్లెపలుకులో ఏ మాట ఎంతదూరమునుండి వచ్చుచున్నదో యామెకు తెలియును.

ఒకటి రెండు మాటలు చూపెదను. పట్నవాసి మోటుమాటయని నవ్వు తొవ్వ కావ్యములలోని త్రోవయే. నోటియందు అరిగి నునుపెక్కినది. పొలమున దినకూలికి పోవుటను మన తల్లులు కైకిలి యందురు. చేయియని యర్థముగల ప్రాచీనపదము కై యందులో నేటికిని జీవించియున్నది. కైదువులో, కైవారములో పండితులు పూజించు కై యిదియే. సొరకాయ యని కొందరు పిలుచుదానిని ఆనపకాయ యను పాతపేరుతోనే మన కూరగాయలబండివాడు నేటికిని కేకవేయుచున్నాడు. ఇక సోయి, పైలము, ఇగురము, నిమ్మళము వంటి మాటలున్నవి. బిడ్డ బయలుదేరునప్పుడు పైలమని యవ్వ చెప్పు మాటలో జాగ్రత్తయు, దీవెనయు, కొంత భయమును కలవు. దానిని జాగ్రత్త యని మార్చినచో మొదటిది మాత్రమే మిగులును. జల్ది, మస్తు వంటి మాటలు ఉర్దూనుండి వచ్చినవని యెత్తిచూపువారికి, నాలుగువందల యేండ్లు ప్రక్కప్రక్కన కాపురమున్నవారు గిన్నెలు మార్చుకొనుట దోషము గాదని చెప్పవలయును. ఎఱ్ఱనను చదివిన యామె చెవికి ఈ మాటలు అపభ్రంశములుగ గాక, చుట్టములుగ వినబడెను. పాండిత్యము ఆమెను పల్లెనుండి దూరము చేయుటకు బదులు, పల్లెకు తిరిగివచ్చు దారి చూపెను.

ఆమె కథలు మా వూరి ముచ్చట్లు అను పేరున 1973లో గ్రంథరూపము దాల్చెను. ఎచ్చమ్మ కథలు 1999లోను, ధర్మశాల 2000లోను వచ్చెను. గాలిలో పలికిన భాషను కాగితముమీదికి దించుటలోని కష్టము గూడ చిన్నది గాదు. మన లిపి యెంతో సమగ్రమైనదని మనము మురియుదుము. కాని వచ్చినది, చేసినది యను క్రియలను మన యింటియాడువారు పలుకునప్పుడు తుదియందు వినబడు, అకారమునకును ఏకారమునకును నడిమిదైన అచ్చునకు మన లిపిలో ప్రత్యేకమైన గుర్తు లేదు. కొసవిరుపునకు గుర్తు లేదు. అయ్యో యనుటలోని నిడివికి, ఓ యవ్వ యనుటలోని హెచ్చుతగ్గులకు గుర్తు లేదు. అందువలన ఈ కథలను మౌనముగ చదువబూనిన పట్నపు చదువరి తొలిపుటలోనే తడబడి, ఇది కష్టమైన భాషయని పుస్తకము మూయును. అతడు చేయవలసినది వేరు: పెదవి కదల్చి పైకి చదువవలయును. అప్పుడు నాలుగవ వాక్యమునకెల్ల ఆ యక్షరముల వెనుక నొక గొంతు లేచి నిలుచును. ఆ పుస్తకములు కన్నులకొరకు గాక చెవులకొరకు వ్రాసినవి. రేడియో ఆమె కలమునకు నేర్పిన పాఠమది.

ఇచ్చట నొక న్యాయమైన సందేహమును దాటవేయరాదు. ఒక్కొక్క జిల్లా తన పలుకును వ్రాయసాగినచో, పాలమూరు కథ శ్రీకాకుళమున కర్థము గాదు, శ్రీకాకుళపు కథ పాలమూరున కర్థము గాదు. అందరి కుమ్మడియైన యొక భాష లేనిచో విజ్ఞానము, పాలనము సాగునా యని కొందరడుగుదురు. సాగదు, ఉమ్మడిభాష కావలసినదే. అధికారభాషా సంఘమునకు అధ్యక్షురాలైన యశోదారెడ్డిగారికి ఆ యవసరము మనకన్న నెక్కువగ తెలియును. కాని ఉమ్మడిచెరువునకు నీరు వాగులనుండి రావలయును గదా! ఏ వాగు నీటిని చెరువు తనలోనికి రానీయదో ఆ వాగు పరీవాహకపు పొలములవారికి ఆ చెరువు ఉమ్మడిది గాదు. ఆమె కోరినది పల్లెపలుకునకు సింహాసనము గాదు. పంక్తిలో నొక విస్తరి మాత్రమే.

ఆ కథలు అచ్చగుటకు ముందువెనుకల దశాబ్దములలోనే మన నది స్వరూపము మారుచుండెను. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరమునుండి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలబడెను. నాగార్జునకొండ లోయ మునిగి, కొండకొప్పు దీవిగా మిగిలి, అచ్చటి శిల్పములను చూచుటకు నల్లగొండనుండి పోవువారు లాంచీ యెక్కవలసివచ్చెను. పిదప శ్రీశైలము ఆనకట్ట వెనుక పాలమూరు జిల్లాలోని యూళ్ళు అనేకము నీట మునిగెను. సోమశిల గుళ్ళు, కూడవెల్లి సంగమేశ్వరాలయము, జటప్రోలు ఆలయము ముంపునుండి తప్పింపబడిన తీరు మీకు తెలియును. ఒక్కొక్క రాతికి నంబరువేసి, ఊడదీసి, మిట్టకు మోసికొనిపోయి, అదే వరుసలో తిరిగి పేర్చిరి. క్రొత్తరాయి చెక్కి అందముగ గట్టుట ఇంతకన్న తేలికపని. కాని అప్పుడది క్రొత్తగుడి యగును. ఊళ్ళతోపాటు మునిగిన మాటలెన్ని? రేవు పోయినచో రేవు మాటలు పోవును. మోట పోయినచో మోటపాట పోవును. ఏతము, కొట్టము, గాదె, పాతర యనునవి వస్తువులతో పాటు నోటినుండి తొలగును. వానికి నంబరువేసి మిట్టకు చేర్చు శాఖ యేదియు ప్రభుత్వమున లేదు. ఆ పనిని బిజినేపల్లి యాడుబిడ్డ యొకతె, తన గొంతుతోను, తన కలముతోను, చెక్కడము చెడకుండ, అరుగుదల సైతము చెరపకుండ, కొంతవరకు నెరవేర్చినది.

నేడు రేడియో మన యింటి నడుమనుండి తప్పుకొన్నది. రేవులలో మోటారుపడవలు వచ్చినవి. పుట్టి చాలవరకు చేపలు పట్టువానికే మిగిలినది. వీనికై విలపించుట నా యుద్దేశము గాదు. చేతిలోని ఫోనులో గొంతును దాచుకొను సాధనము ప్రతి పిల్లవానికిని కలదు. యశోదారెడ్డిగారి కాలమున స్టూడియోకు పోయినగాని లభింపని సౌకర్యమది. ఈ సభను ఏర్పరచిన స్మారకనిధి పెద్దలకు నాదొక విన్నపము: ఏటేట ఒక ఉపన్యాసకుని పిలిచి శాలువ కప్పుటతో పాటు, ఈ చుట్టుపట్ల బడులలోని పిల్లలచేత వారి యవ్వల ముచ్చటనొకదానిని, ఒక్కటంటే ఒక్కటిని, ఉన్నదున్నట్లు రికార్డు చేయించి, దానిని వ్రాయించి, వ్రాసినదానిని మరల అవ్వకే చదివి వినిపింపజేయుడు. ఎచ్చట అవ్వ నవ్వి, అట్ల గాదురా యని దిద్దునో, అచ్చట నారంభమగును వారి తెలుగు చదువు.

ముగించుటకు ముందు, ఇందాక దారిలో చూచినదానిని పూర్తిగ చెప్పలేదు. నేను నిలిచియుండగనే ఆ పుట్టిగలాయన వచ్చి, బోర్లించిన పుట్టిని అట్లే లేపి నెత్తిన బెట్టుకొని, గట్టువెంట ఎగువకు నడువసాగెను. పుట్టి యంచు భుజములదాక దిగుటవలన ముఖము కనబడలేదు. ఎవరో, ఎంత వయసువాడో తెలియలేదు. దూరమగుకొలది ఒక నల్లని గంప దానంతటదియే నడుచుచున్నట్లుండెను. కాని దానిక్రిందనుండి కూనిరాగము మాత్రము, గంప గోడలకు తగిలి రెట్టింపై, చాలసేపు స్పష్టముగ వినబడుచునే యుండెను.